పోలీసుల వార్షిక నివేదిక వచ్చింది, మీటింగులో ఏం అడగాలి?

కాలనీ_కార్యదర్శి అడిగారు:

అందరికీ నమస్తే. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలతో పాటే కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం, రామగుండం, సిద్దిపేటలకు ఎస్పీల స్థానంలో పోలీసు కమిషనర్లు వచ్చారు కదా, మాది అందులో ఒక ఊరు. పేరు కావాలనే రాయడం లేదు. ఏ ఆఫీసరు మీదా ఫిర్యాదు చేయడానికి రాలేదు, ఇలాంటి ఊళ్లన్నింటికీ పనికొచ్చే సంగతి అడుగుదామని వచ్చాను.

ఏటా డిసెంబరు చివరి వారంలో ప్రెస్‌మీట్ పెట్టి ఏడాది లెక్క చెబుతారు. హత్యలు ఇన్ని, దొంగతనాలు ఇన్ని, నిరుటితో పోలిస్తే ఇంత శాతం తగ్గాయి, రికవరీ ఇంత శాతం, మహిళల వేధింపుల సంగతి చూసే షీ టీమ్స్‌కి వచ్చిన ఫిర్యాదులు, డ్రంకెన్ డ్రైవ్ కేసులు, పట్టుకున్న గంజాయి, కొత్తగా పెట్టిన సీసీ కెమెరాలు. చివర్లో వచ్చే ఏడాది ప్రాధాన్యాలు అని ఒక పేజీ. అందులో సైబర్ నేరాలు, డ్రగ్స్, మహిళా భద్రత, రోడ్డు ప్రమాదాలు అని ప్రతి ఏడూ ఉంటాయి. మరుసటి రోజు పేపర్లో జిల్లా ఎడిషన్ మొదటి పేజీలో వస్తుంది, అంతటితో అయిపోతుంది.

ఈసారి కాలనీ సంఘాల వాళ్లందరినీ పిలిచి సలహాలు అడుగుతామన్నారు. మంచి మాటే. నాకు పోలీసుల మీద కోపమేమీ లేదు, బైకుల మీద గస్తీ తిరిగే మా బ్లూ కోల్ట్స్ అబ్బాయిలు రాత్రి రెండింటికి కూడా వీధిలో తిరగడం నేను చూస్తుంటాను. కాకపోతే మా వీధిలో రిటైరైన టీచరమ్మ ఇంట్లో చోరీ జరిగితే దొంగను పట్టుకున్నారు, గొలుసులూ గాజులూ టేబుల్ మీద పరిచి ఫొటో తీశారు, నివేదికలో అది ఛేదించిన కేసు కింద లెక్కకి వచ్చింది. ఆమె బంగారం మాత్రం ఇప్పటికీ ఆమె చేతికి రాలేదు. అడిగితే కోర్టులో ఉందమ్మా అంటారు. అంటే లెక్కలో పని పూర్తయింది, ఆవిడకి పూర్తవ్వలేదు. ఇలాంటివి ఆ నివేదికలో ఎక్కడ కనిపిస్తాయి? అసలు ఆ అంకెల్ని ఎలా చదవాలి, మీటింగుకి వెళ్లి "బాగా చేస్తున్నారు సార్" అని టీ తాగి రాకుండా ఏం అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_రైటర్ రాశారు:

నేను పోలీస్ స్టేషన్లో రికార్డులు రాసే రైటర్‌గా చేసి రిటైరయినవాణ్ని, కాస్త పొడుగ్గానే రాస్తాను.

డిసెంబరు వస్తే రైటర్‌కి నిద్ర ఉండదు. పెండింగ్ కేసులు తగ్గించాలి, ఛార్జిషీట్లు వేయాలి, సర్కిల్ ఆఫీసు నుంచి అరగంటకోసారి ఫోన్ వస్తుంది, ఆ పట్టిక పంపావా ఈ పట్టిక పంపావా అని. ఆ పట్టికలన్నీ కూడితేనే మీరు పేపర్లో చదివే నివేదిక. కాబట్టి మొదట తెలుసుకోవాల్సింది, అందులో ఉన్నది నేరాల లెక్క కాదండీ, ఎఫ్ఐఆర్ల లెక్క. ఫిర్యాదు తీసుకుని, జీడీలో, అంటే స్టేషన్ రోజువారీ డైరీలో రాసి, పిలిపించి మాట్లాడి పంపేస్తే అది కేసుల పట్టికలోకి రాదు. కాగ్నిజబుల్ నేరమైతే, అంటే వారెంటు లేకుండా అరెస్టు చేయగలిగిన నేరమైతే, ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ మాట ఖచ్చితంగా పాటించే ఎస్‌హెచ్‌ఓ, అంటే స్టేషన్ బాధ్యుడైన అధికారి వస్తే ఆ స్టేషన్లో కేసులు పెరుగుతాయి. పెరిగాయని ఆయన్ని తప్పుబడితే, పక్క స్టేషన్ వాడు కట్టడం మానేస్తాడు. దేశం మొత్తం నేరాల లెక్కలు వేసే ఎన్‌సీఆర్‌బీ కూడా తన నివేదికలో ఇదే అంటుంది, కేసుల సంఖ్య పెరిగినంత మాత్రాన పోలీసులు విఫలమయ్యారని అనుకోవద్దని. ఒక ఎఫ్ఐఆర్‌లో మూడు నేరాలున్నా అందులో పెద్దది ఒక్కటే లెక్కకి తీసుకుంటారు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

అందుకని "తగ్గింది" అనే మాట చూసి సంతోషపడకండి, "పెరిగింది" అంటే కంగారూ పడకండి. డ్రంకెన్ డ్రైవ్, గంజాయి, పేకాట, ఇవన్నీ పోలీసులు వెళ్లి పట్టుకుంటేనే పుట్టే కేసులు. ఎక్కువ రాత్రులు నాకాబందీ పెడితే ఎక్కువ వస్తాయి. మహిళల ఫిర్యాదులు పెరిగితే ధైర్యంగా స్టేషన్ మెట్లు ఎక్కుతున్నారని కూడా కావచ్చు. 2014లో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలైనప్పటి నుంచి మా దగ్గర ఈ తేడా నేను కళ్లారా చూశాను, అంతకుముందు కాలేజీ పిల్లలు స్టేషన్ గుమ్మం తొక్కేవాళ్లు కాదు. దాచిపెట్టలేని లెక్కలు రెండే, హత్యలు, రోడ్డు మీద చావులు. వాహనాల దొంగతనం కూడా కొంతవరకు నమ్మొచ్చు, ఎందుకంటే బండి పోయినవాడు ఇన్సూరెన్స్ కోసమైనా ఎఫ్ఐఆర్ కట్టించుకుంటాడు.

ఇక రికవరీ శాతం. ఒక దొంగ దొరికితే వాడు నాలుగైదు స్టేషన్లలో చేసినవి ఒప్పుకుంటాడు, అందులో నిరుటివీ ముందటేడువీ ఉంటాయి. ఆ సొత్తు ఈ ఏడాది రికవరీలో కలిస్తే శాతం బాగా కనిపిస్తుంది. పైగా బంగారం రేటు ఎట్లా పెరిగిందో మీకు తెలుసు. పోయిన రోజు రేటు ఒకటి, దొరికిన రోజు రేటు ఇంకొకటి వేస్తే సగం బంగారం దొరికినా లెక్కలో ముప్పాతిక దొరికినట్టు ఉంటుంది. కాబట్టి రూపాయల్లో అడక్కండి, తులాల్లో అడగండి. ఎన్ని తులాలు పోయాయి, ఎన్ని దొరికాయి, ఎన్ని సొంతదారుకి చేరాయి. మూడో అంకె దగ్గర సమాధానం రావడం కొంచెం ఆలస్యమవుతుంది, ఓపిగ్గా కూర్చోండి.

శిక్షల శాతం కూడా ఇట్లాంటిదే. ఈ ఏడాది తీర్పులు వచ్చిన కేసుల్లో ఎన్నింటికి శిక్ష పడిందన్నదే అది. ఆ కేసులు ఎన్నో ఏళ్ల కిందటివి, అప్పటి దర్యాప్తు అధికారి ఇప్పుడు ఎక్కడో ఉంటాడు. ఈ ఏడాది కట్టిన కేసులకీ దానికీ సంబంధం లేదు.

వకీలమ్మ రాశారు:

పాత రైటర్ గారు చెప్పిందంతా నిజం. టీచరమ్మ గారి బంగారం సంగతి నేను చెబుతాను, ఎందుకంటే అందులో చేయగలిగింది చాలా ఉంది, చేసేవాళ్లే తక్కువ.

పోలీసులు రికవరీ చేసిన సొత్తు కోర్టుకి చేరుతుంది. సొంతదారు పిటిషన్ వేసుకుంటే కేసు తేలేలోపే తాత్కాలికంగా ఇస్తారు. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, బంగారం లాంటివాటికి పంచనామా రాసి, ఫొటోలు తీసి, బాండు తీసుకుని ఇచ్చేయండి, స్టేషన్లో పదిహేను రోజులో నెలో దాటి ఉంచొద్దని. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 497వ సెక్షన్ ఇంకా గట్టిగా ఉంది. వస్తువు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో జాబితా రాయాలి, ఫొటో లేదా వీడియో తీయాలి, ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఏం చేయాలో ఉత్తర్వు ఇవ్వాలి.

మరి ఎందుకు ఆగుతుంది? చాలాసార్లు సొంతదారుకి పిటిషన్ వేయాలనే తెలియదు. వస్తువు దొరికిందని పేపర్లో చూసి సంతోషపడి, వాళ్లే పిలిచి ఇస్తారని ఎదురుచూస్తారు. ఒక పెద్దావిడకి నేనే పిటిషన్ వేశాను. ఆవిడ దగ్గర బిల్లు లేదు, అది కూతురి పెళ్లికి పాత నగలు కరిగించి చేయించిన గొలుసు. పెళ్లి ఫొటోలో మెడలో ఉన్న గొలుసు చూపించి, ఫిర్యాదులో రాసిన లాకెట్ గుర్తుతో సరిపోల్చి ఇప్పించాం. బిల్లు లేదని చాలామంది కోర్టు దాకా రారు, భయపడకండి, పాత ఫొటో కూడా పనికొస్తుంది. ఇంట్లో ఉన్న నగలకి ఇవాళే ఒకసారి ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి.

మీటింగులో అడగండి: రికవరీ అయిన ప్రతి కేసులో సొంతదారుకి ఫోన్ చేసి, పిటిషన్ ఎలా వేయాలో చెప్పే ఒక కోర్టు కానిస్టేబుల్‌ని పెట్టమని. స్టేషన్లో మనిషిని అటు మళ్లిస్తే చాలు, బడ్జెట్ అక్కర్లేదు.

రెండోది. అదే చట్టం 193వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకో బాధితుడికో తెలియజేయాలి. ఫోన్ మెసేజ్ అయినా సరిపోతుంది. మీ కాలనీలో కేసు పెట్టిన వాళ్లని అడగండి, ఎవరికైనా వచ్చిందేమో. ఎంతమందికి ఈ సమాచారం పంపారన్నది వార్షిక నివేదికలో ఒక వరుసగా చేర్చమనండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలన్నది ఎప్పటి నుంచో ఉన్నదే, కొత్త చట్టంలోనూ 173వ సెక్షన్‌లో ఉంది. ఆన్‌లైన్లో ఫిర్యాదు ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి, అది మర్చిపోయి నష్టపోయేవాళ్లు ఉన్నారు.

గల్లీ_నుంచి రాశారు:

ఇన్ని సెక్షన్లు పట్టుకుని నిలదీస్తే మళ్లీ మీటింగుకి పిలవరు అన్నా. మా వాడలో కావాల్సింది ఒక్కటే, ఫోన్ చేస్తే బండి రావాలి. 100కి చేసినా 112కి చేసినా ఎన్ని నిమిషాల్లో వచ్చిందో వాళ్ల కంప్యూటర్లో ఉంటుంది. స్టేషన్ల వారీగా ఆ సగటు చెప్పమనండి, రాత్రిపూటది వేరుగా. మిగతావి తర్వాత.

బ్యాంకు_కౌంటర్ రాశారు:

నేను బ్యాంకులో పనిచేస్తాను. సైబర్ నేరాల గురించి ప్రతి నివేదికలోనూ ఒక పెద్ద అంకె ఉంటుంది, ఇన్ని కోట్లు కాపాడాం అని. అక్కడ మూడు అంకెలు ఉంటాయి, అవి వేరువేరని జనానికి తెలియదు. పోయింది ఎంత, హోల్డ్‌లో పెట్టింది ఎంత, బాధితుడి ఖాతాలోకి తిరిగొచ్చింది ఎంత. కాపాడాం అని చెప్పేది చాలాసార్లు రెండోది.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసిన వెంటనే ఆ డబ్బు ఏ ఖాతాకి వెళ్లిందో అక్కడ ఆపుతారు. అందుకే మొదటి గంట చాలా విలువైంది. ఆ డబ్బు ఒక ఖాతాలో ఆగదు, కమీషన్‌కి ఆశపడి ఎవరో తమ పేరు మీద తీసిన ఖాతాల్లోంచి ఖాతాల్లోకి పోతూనే ఉంటుంది, చివరికి ఏటీఎంలోనో క్రిప్టోలోనో తేలుతుంది. మధ్యలో ఎక్కడ దొరికితే అక్కడ హోల్డ్ పడుతుంది. ఆ తర్వాత చాలాసార్లు కోర్టు ఉత్తర్వు కావాలి, అది బ్యాంకుకి చేరాలి, ఆ బ్యాంకు ఏ రాష్ట్రంలోనో ఉంటుంది. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో, లీగల్ సర్వీసెస్ అథారిటీ కలిసి 2024 నుంచి లోక్ అదాలత్ ద్వారా రీఫండ్లు ఇప్పించే పద్ధతి పెట్టడం చాలా మేలు చేసింది. మీ ఊళ్లో లోక్ అదాలత్‌లో ఎంతమందికి, ఎంత వెనక్కి వచ్చిందో అడగండి. ఆ అంకె పెరిగితే మనస్ఫూర్తిగా మెచ్చుకోండి, ఎందుకంటే ఒక్కో రీఫండ్ వెనక ఆ సైబర్ సెల్ కుర్రాళ్లు రాసిన మెయిళ్లు, చేసిన ఫోన్లు మామూలుగా ఉండవు.

ఇంకో మాట. మా కౌంటర్ దగ్గరికి ఒక రిటైర్డ్ ఆయన వచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్లన్నీ ఒకేసారి తీసేస్తానన్నాడు. చేతులు వణుకుతున్నాయి, ఫోన్ జేబులో ఆన్‌లోనే ఉంది, కాల్ నడుస్తోంది. పోలీసులమని ఫోన్లో బెదిరించి, డిజిటల్ అరెస్ట్ అని చెప్పి ఆయన్ని రెండు రోజులుగా ఇంట్లోనే కూర్చోబెట్టారు. మా మేనేజర్ గారు కాగితం మీద "ఎవరైనా భయపెడుతున్నారా" అని రాసి చూపించాక ఏడ్చేశాడు. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదు, ప్రధాని కూడా 2024 అక్టోబరులో మన్ కీ బాత్‌లో ఈ మాట చెప్పారు, అయినా పెద్దవాళ్లకి టెన్షన్‌లో ఏమీ గుర్తుకు రాదు. వచ్చే ఏడాది ప్రాధాన్యం అంటే కాలేజీల్లో ర్యాలీలు ఒక్కటే సరిపోవు. ఊళ్లో ఉన్న ప్రతి బ్యాంకు బ్రాంచికీ ఒక పోలీసు నంబరు, పెద్దమొత్తం తీసే పెద్దవాళ్లని ఆపి అడిగే అలవాటు, ఈ రెండూ పెట్టించండి. పెన్షనర్ల సంఘం ఆఫీసులో ఒక మీటింగు పెట్టినా కాలేజీ ర్యాలీ కంటే ఎక్కువ లాభం.

సైట్_ఇంజినీర్ రాశారు:

ఎవరూ రోడ్ల గురించి రాయలేదు. 2022లో దేశంలో నమోదైన హత్య కేసులు 28,522 అయితే రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. దాదాపు ఆరు రెట్లు. అందులో హెల్మెట్ లేకుండా పోయినవాళ్లే 50 వేల మంది. మీ ఊరి నివేదిక తీసి చూడండి, అక్కడా హత్యల కంటే రోడ్డు చావులే చాలా ఎక్కువ ఉంటాయి. అయినా ప్రెస్‌మీట్లో హత్య కేసుకి పది నిమిషాలు, రోడ్డుకి ఒక లైను.

బ్లాక్ స్పాట్ అంటే నిర్వచనం ఉంది. 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో 5 తీవ్ర ప్రమాదాలు జరిగినా, 10 మంది చనిపోయినా అది బ్లాక్ స్పాట్. మా ఊరి బైపాస్ మీద ఒకటి ఉంది. మధ్యలో డివైడర్ కట్టారు, యూ టర్న్ ఒకటిన్నర కిలోమీటరు అవతల. ఇవతల ఊరు, అవతల పొలాలు, రైస్ మిల్లు. పొద్దున్నే కూలీలు ఆటోల్లో, పాలవాళ్లు టీవీఎస్ ఎక్సెల్‌ల మీద అంత దూరం పోయి తిరిగి రాలేక రాంగ్ రూట్‌లోనే వెళ్తారు. డివైడర్ ఒకచోట రాళ్లు పీకి కాలిబాట చేసుకున్నారు, రాత్రి అక్కడ లైటు లేదు. పోలీసులు అక్కడ నిలబడి చలాన్లు రాశారు, కొన్నాళ్లు బారికేడ్లు పెట్టారు, లారీ గుద్దితే అవీ పోయాయి. చలాన్ల సంఖ్య నివేదికలో పెరిగింది, ఆ చోట చావులు ఆగలేదు. అక్కడ కావాల్సింది ఒక సర్వీస్ రోడ్డో అండర్‌పాసో, కనీసం హైమాస్ట్ లైటు. అది పోలీసుల చేతిలో లేదు, నేషనల్ హైవే వాళ్లదీ మున్సిపాలిటీదీ. కానీ కలెక్టర్ అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది, అందులో పోలీసులూ ఉంటారు. ఎవరు ఎక్కడ, ఏ టైముకి, ఎలా చనిపోయారో దగ్గర నుంచి తెలిసినది పోలీసులకే. కాబట్టి అడగాల్సింది ఇది: మన ఊరి బ్లాక్ స్పాట్ల పేర్లు చదవండి, ఒక్కోదానికి ఏ శాఖకి ఏ తేదీన లెటరు రాశారో చెప్పండి, వచ్చే డిసెంబరులో మళ్లీ అవే పేర్లు చదివి అక్కడ చావులు ఎన్నో చెప్పండి.

ఒంగోలు_వాసి రాశారు:

మాది ఆంధ్ర వైపు, మా దగ్గర ఎస్పీ గారు ఇలాగే ఏడాది చివర చెబుతారు. దొంగతనాల గురించి ఒకటి చెప్తా. ఏపీలో లాక్డ్ హౌస్ మానిటరింగ్ అని ఒక పద్ధతి పెట్టారు, ఊరెళ్లేటప్పుడు యాప్‌లో చెబితే పోలీసులు వచ్చి ఇంట్లో కెమెరా బిగించి వెళ్లేవాళ్లు, లోపల కదలిక ఉంటే కంట్రోల్ రూమ్‌కి తెలిసేది. మా పిన్ని వాళ్లు తిరుపతి వెళ్లినప్పుడు పెట్టించుకున్నారు, నిశ్చింతగా వెళ్లొచ్చారు. అయితే ఇలాంటివి మొదట్లో జోరుగా ఉంటాయి, ఆ ఆఫీసరు బదిలీ అయ్యాక అడిగేవాళ్లు ఉండరు. అందుకని మీరు కొత్త యాప్ అడగడం కంటే పాతవి ఎన్ని నడుస్తున్నాయో అడగండి. సీసీ కెమెరాలు కూడా అంతే.

కాలనీ_కార్యదర్శి రాశారు:

కెమెరాల మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. మా కాలనీలో ఇంటింటికీ చందా వేసుకుని, పోలీసుల కెమెరాల పథకం "నేను సైతం" కింద కెమెరాలు పెట్టాం, రిబ్బన్ కట్ చేశారు, నివేదికలో కూడా చేరాయి. డ్రైనేజీ తవ్వినప్పుడు కేబుల్ తెగింది. రెండు కెమెరాలు కోతులు లాగేశాయి, ఒకటి ఇప్పుడు ఆకాశం వైపు చూస్తోంది. రికార్డింగ్ డబ్బా, అదే డీవీఆర్, మూలమీద కిరాణా కొట్టులో పెట్టాం, ఆయన రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు మెయిన్ ఆపేసి వెళ్తాడు, కరెంటు బిల్లు ఆయనదే కదా, ఆయన్ని అనడానికి లేదు. అంటే దొంగలు వచ్చే టైముకే రికార్డింగ్ ఉండదు. 2013 నాటి పబ్లిక్ సేఫ్టీ చట్టం ప్రకారం జనం ఎక్కువగా వచ్చే షాపులు, ఫంక్షన్ హాళ్లు కెమెరాలు పెట్టుకుని 30 రోజుల ఫుటేజీ ఉంచాలి, దాని తనిఖీలు కూడా ఎక్కడా కనపడవు. పెట్టినవి ఎన్ని అని ప్రతి ఏడూ చెబుతున్నారు, ఇవాళ నడుస్తున్నవి ఎన్ని అని ఈసారి తప్పకుండా అడుగుతాను.

ఖాకీ_ఇంటి_మనిషి రాశారు:

మా ఆయన కానిస్టేబుల్. మీరందరూ అడగాలనుకున్నవన్నీ న్యాయమైనవే, ఒక్కటి కూడా కాదనను. కానీ ఆ పనులు చేసే మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో కూడా తెలియాలని రాస్తున్నాను.

వినాయక నిమజ్జనం వారం రోజులు ఇంటికి రాలేదు, బట్టలు నేనే స్టేషన్‌కి పంపాను. ఆ వెంటనే బతుకమ్మ, దసరా. రెండేళ్లకోసారి మేడారం జాతర, ఎలక్షన్లు, పరీక్షలు, మంత్రుల టూర్లు, ఎవరైనా ధర్నాకి పిలుపిస్తే తెల్లవారుజామున బందోబస్తు. ఈ మధ్యలో కేసు దర్యాప్తుకి సాక్షుల దగ్గరికి తిరగాలి, వాళ్లు పొలం వెళ్లి ఉంటారు, మళ్లీ వెళ్లాలి, మళ్లీ అదే రోజు ఎక్కడికో బందోబస్తు పడుతుంది. కొత్త చట్టాల్లో సోదాలన్నీ వీడియో తీయాలి, అప్‌లోడ్ చేయాలి, ఏడేళ్లు ఆపైన శిక్ష పడే నేరాలకి ఫోరెన్సిక్ వాళ్లు రావాలి. మంచిదే, కానీ మనుషులు వాళ్లే. 90 రోజుల్లో మెసేజ్ ఎందుకు రాలేదంటే, పంపాల్సిన మనిషి జాతరలో తాడు పట్టుకుని నిలబడి ఉండొచ్చు.

పోలీసుల పిల్లల చదువు, వీక్లీ ఆఫ్, హెల్త్ చెకప్ నివేదికలో చివర రెండు లైన్లుంటాయి. వీక్లీ ఆఫ్ ఇచ్చామని రాస్తారు. ఎన్ని వారాలు నిజంగా దొరికిందో మీరు అడిగితే మా లాంటివాళ్లం అడిగినట్టే. మేం అడగలేం.

పాత_రైటర్ రాశారు:

అమ్మా, మీరు రాసింది చదివి నాకు నా పాత రోజులు గుర్తొచ్చాయి. దీనికి మందు ఎప్పుడో రాసిపెట్టారు. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దర్యాప్తు చేసేవాళ్లనీ శాంతిభద్రతలు చూసేవాళ్లనీ వేరు చేయమంది, 10 లక్షల జనాభా దాటిన ఊళ్లతో మొదలుపెట్టి క్రమంగా చిన్న ఊళ్లకీ తేవాలంది. మన లాంటి ఊళ్ల దాకా వచ్చేసరికి ఆ మాట నీరుగారిపోయింది. పోస్టులు పెంచడం కమిషనర్ చేతిలో ఉండదు, సర్కారుది. కానీ ప్రతి స్టేషన్లో ఇద్దరు ముగ్గురిని దర్యాప్తుకే కేటాయించి, పెద్ద పండుగలకి తప్ప వాళ్లని బందోబస్తుకి పంపకుండా ఉంచడం ఆయన చేయగలడు. నేను పనిచేసిన చోట ఒక ఆఫీసరు ఉన్నన్నాళ్లు ఇలాగే చేశారు, ఛార్జిషీట్లు టైముకి పడేవి, సాక్షులకి మా మొహాలు గుర్తుండేవి. సాక్షి కోర్టులో ఎదురు తిరగకుండా ఉండాలంటే అదే సగం పని. కార్యదర్శి గారూ, వచ్చే ఏడాది ప్రాధాన్యాల్లో నాకు ఒక్కటే అడిగే అవకాశం ఇస్తే ఇదే అడుగుతాను. మీ బంగారం, మీ సైబర్ రీఫండ్, 90 రోజుల మెసేజ్, అన్నీ ఆ ఇద్దరు ముగ్గురు మనుషుల మీదే ఆధారపడి ఉన్నాయి.

కాలనీ_కార్యదర్శి రాశారు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. గల్లీ తమ్ముడు చెప్పినట్టు నిలదీసినట్టు కాకుండా, ఒక పేజీ కాగితం రాసి ఇద్దామని అనుకుంటున్నాం. దొరికిన బంగారంలో సొంతదారుకి చేరింది ఎన్ని తులాలు, సైబర్‌లో ఖాతాలోకి వెనక్కి వచ్చింది ఎంత, బండి వచ్చే టైము, బ్లాక్ స్పాట్ల పేర్లు, నడుస్తున్న కెమెరాలు. ఈ ఐదూ వచ్చే నివేదికలో ఉండాలని. వాటికి తోడు దర్యాప్తుకి విడిగా మనుషులు, వాళ్లకి నిజమైన వీక్లీ ఆఫ్. ఈ చివరిది మేం కలెక్టరుకీ ఎమ్మెల్యేకీ కూడా కాపీ పెడతాం, పోలీసుల కోసం జనం అడిగితే బాగుంటుందని మా సంఘంలో అందరూ ఒప్పుకున్నారు. కెమెరాల కేబుల్ మేమే వేయించుకుంటాం, డీవీఆర్‌ని కిరాణా కొట్టు నుంచి కమ్యూనిటీ హాలుకి మార్చి, కరెంటు సంఘమే కడుతుంది.

వకీలమ్మా, నివేదిక తయారైపోయింది కాబట్టి ఈ లెక్కలు ఇప్పుడు మా దగ్గర లేవంటే ఏం చేయాలి?

వకీలమ్మ రాశారు:

ఉంటాయి. మీటింగులో అడిగి, ఇవ్వకపోతే కమిషనరేట్‌లో సమాచార అధికారి పేరున ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. జిల్లా స్థాయి ఆఫీసు కాబట్టి పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే ఆఫీసులో మొదటి అప్పీలు వేయొచ్చు. దర్యాప్తులో ఉన్న కేసుల వివరాలు అడక్కండి, 8వ సెక్షన్ చూపించి తిప్పి పంపే వీలుంటుంది. అంకెలు మాత్రమే అడగండి, స్టేషన్ల వారీగా, గత మూడేళ్లవి. ఒక ఏడాదివి అడిగితే దేనితో పోల్చాలో తెలియదు. ఎఫ్ఐఆర్లు 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, సున్నితమైనవి తప్ప మిగతావి అక్కడే దొరుకుతాయి కాబట్టి వాటి కోసం ఆర్టీఐ వృథా చేసుకోకండి.

టీచరమ్మ గారిని ఎఫ్ఐఆర్ నంబరు, నగ వేసుకున్న ఫొటో ఒకటి, ఆధార్ తీసుకుని మీ ఊరి కోర్టులో లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసుకి వెళ్లమనండి. మహిళలకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు. పిటిషన్ వాళ్లే వేస్తారు. సెలవుల ముందే వెళ్లమనండి, సంక్రాంతికి కోర్టులు మూసేస్తే మళ్లీ ఆలస్యమవుతుంది.